ఖాజా జేబులోని మూడు గ్రిప్పులు

ఈ మధ్యాహ్నం మా మరమగ్గాల షెడ్డులో మోటారు ఆగిపోయింది. వైర్‌మన్ ఖాజా వచ్చి, గోడ మీది బోర్డు నుంచి మూడు ఫ్యూజు గ్రిప్పులు పీకి చొక్కా జేబులో వేసుకుని, వెనక మోటారు విప్పుతూ కూర్చున్నాడట. ఎప్పుడూ ఆయన పద్ధతి అదే. గ్రిప్పులు తన జేబులో ఉంటే ఎవరూ కరెంటు ఇవ్వలేరని ధైర్యం.

నేను అప్పుడే అన్నం తిని వచ్చాను. షెడ్డులో ఎవరూ కనిపించలేదు, బోర్డు ఖాళీగా ఉంది. మా వాడలో ఒక షెడ్డు గ్రిప్పులు ఇంకో షెడ్డు వాళ్లు అడక్కుండా ఎత్తుకుపోవడం మామూలే. తిట్టుకుంటూ వెళ్లి, ఆ పూట పని లేని పక్క షెడ్డు నుంచి మూడు పీక్కొచ్చి పెట్టాను. వెనక నుంచి కేక వినిపించింది.

దవాఖానలో ఖాజా కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టారు. వేళ్లు దక్కేదీ లేనిదీ రేపు చెబుతామన్నారు. నన్ను చూడగానే ఎడమచేత్తో జేబు తడిమి, మూడు గ్రిప్పులూ మంచం మీద పెట్టాడు.

"జర సూడు రాజన్నా, మూడు గీడనే ఉన్నయి. మరి కరెంటు ఏడికెల్లి అచ్చింది?"

"పండుకో భాయ్, ఫికర్ జెయ్యకు," అన్నాను.

పని నడుస్తోందని రాసి బోర్డుకు ఒక అట్టముక్కయినా కట్టకపోయాడే అని, ఇల్లు చేరేదాకా ఆయన తప్పే వెతికాను. రేపు మళ్లీ అడుగుతాడు. మీరైతే ఏం చెబుతారు?

ఇందాకే పక్క షెడ్డు మనిషి వచ్చి, తమ గ్రిప్పులు ఎవరు తీశారని అడిగాడు. తెలియదన్నాను.