పెద్దబాపు చెక్కిన ముక్కు

అక్టోబర్ ఇరవై ఆరు, ఆదివారం. పొద్దున తలుపు తీయగానే మొదటి ఆశ్చర్యం అరుగు మీదే ఉంది. మా పెద్దబాపు ఎర్ర తువ్వాలలో చుట్టిన బోటు ఇంజిన్ కింది భాగం. పక్కన చేపల సొసైటీ అధ్యక్షుడు, పిలవాలా వద్దా అన్నట్టు గడప వైపు చూస్తూ నిలబడ్డాడు. పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఈ నెల మొదట్లో పోయాడు. ఆయన చేసిన ఆఖరి పని ఇలా ఇంటికి తిరిగొచ్చింది.

ఆయన పోయిన కబురు నాకు జగిత్యాలలో, కాలేజీ హాస్టల్ మెట్ల మీద అందింది. ఇంజిన్లు బాగుచేసే షెడ్డులో స్టూలు మీద కూర్చొని చాయ్ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడని అమ్మ ఫోన్లో చెప్పింది. గుండె ఆగిందట. ఆ మాట కన్నా ఆయన కూర్చున్నాడన్న మాటే నాకు నమ్మబుద్ధి కాలేదు. తంగళ్ళపల్లి చేరేదాకా బస్సులో అదే ఆలోచన. ఎవరు కూర్చోబెట్టారు ఆయన్ని?

మా పెద్దబాపు అన్నం కూడా నిలబడి తినేవాడు. చుట్టాల ఇంటికి వెళ్తే చెప్పులు విప్పకముందే కిర్రుమంటున్న తలుపు బందు దగ్గరికి పోయేవాడు. కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్లి, వంటల దగ్గర ఆగిపోయిన కూలర్‌ను బాగుచేస్తూ తలంబ్రాలు చూడలేదు. పెద్దమ్మ దారంతా తిట్టింది. "కూసుంటె తుప్పు వడ్త" అన్నాడు, అంతే. ఆయన పక్కన ఉంటే మనకూ కుదురుగా ఉండబుద్ధి కాదు. ఇది రాస్తూ నేను ఇప్పటికే లేచి అటూ ఇటూ తిరిగొచ్చాను.

మా తాత కల్లు కోసం తాళ్ళు గీసేవాడు. గీత కత్తిని చెక్క మీద రాతిపొడి చల్లి నూరేవాడు. పెద్దబాపు చెట్టెక్కలేదు కానీ ఆ నూరడం మాత్రం తీసుకున్నాడు. ముందు సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేశాడు. మానేరు మీద కట్ట పడి, నీళ్ళు నిలిచి బోట్లు వచ్చాక ఇంజిన్ల పనిలోకి దిగాడు. ప్రొపెల్లర్ రెక్కల అంచును తాత చెక్క మీదే నూరి, బొటనవేలి గోటి మీద ఆనించి చూసేవాడు. గోరు మీద జారితే ఇంకా నూరాలి. పట్టుకుంటే చాలు.

మా సొసైటీ బోటుకు ఒకటే తొందర. అవతలి ఒడ్డు వలల నుంచి చేపలు ఎత్తుకొని తెల్లవారేసరికి కట్ట మీదికి రావాలి. అక్కడి నుంచి వ్యాను కోరుట్ల మార్కెట్‌కు పోతుంది, ఆలస్యమైతే ఆగదు. బరువుతో బోటు ఈడ్చుకుంటూ వచ్చేసరికి వ్యాను వెళ్ళిపోయిన రోజులు చాలా ఉన్నాయి. పెద్ద ఇంజిన్ కొనే స్థోమత సొసైటీకి లేదు. ఉన్న ఇంజిన్‌నే ఉరికిస్తానని పెద్దబాపు మాటిచ్చాడు.

ఇంజిన్‌లో నీళ్ళ అడుగున ఉండే భాగాన్ని బోటువాళ్ళు లెగ్గు అంటారు. గేర్లు దాంట్లోనే ఉంటాయి, ప్రొపెల్లర్ దాని వెనకే తిరుగుతుంది. దాని ముందు భాగం మొద్దుగా ఉండి నీళ్ళను గుద్దుకుంటుందని ఆయన కనిపెట్టాడు. సొసైటీ లెగ్గును ముట్టుకోలేదు. పాడైన వేరే ఇంజిన్ నుంచి అలాంటిదే తెచ్చి, ముందు భాగానికి అల్యూమినియం అతికించి, వేసవంతా ఆకురాయితో కోసుగా చెక్కాడు.

"నీళ్ళను గుద్దుకుంట పోతె ఏమస్తది బిడ్డా, తొవ్వ అడుక్కుంట పోవాలె" అనేవాడు.

సెలవుల్లో నేను దీపం పట్టుకొని పక్కన నిలబడేదాన్ని. అప్పుడే నాకు మాటల పిచ్చి పట్టింది. ఆ కొసను ఏమంటారని అడిగితే, నీ పుస్తకాల్లో చూడమన్నాడు. నాసిక అని చెప్పాను. ఆకురాయి ఆపి నా వైపు చూశాడు. "నాసికంటె జలుబు జేసినట్టున్నది. ముక్కు అను." అప్పటి నుంచి అది ముక్కే.

ఇంజిన్ చల్లబడటానికి లెగ్గు పక్కనున్న రంధ్రాలు నీళ్ళు పీలుస్తాయి. పెద్దబాపు వాటిని మూసేసి, కింద ముక్కుకే కొత్త రంధ్రాలు పెట్టాడు. అప్పుడు ఇంజిన్‌ను కాస్త పైకెత్తి బిగించవచ్చు. నీళ్ళలో ఇనుము ఎంత తక్కువ మునిగితే బోటు అంత తేలిగ్గా పోతుంది. వేసవి చివర్లో పరీక్షిస్తే నిజంగానే ఉరికింది. పండగ దాటాక అందరి ముందు నడపాలని సద్దుల బతుకమ్మ మర్నాడే ముహూర్తం పెట్టుకున్నాడు.

ఆ ముందు సాయంత్రం ఊళ్ళో ఆడవాళ్ళందరం ఆ నీళ్ళలోనే బతుకమ్మలను విడిచాం. ఒడ్డు పొడవునా గునుగు, తంగేడు తేలుతున్నాయి. ఒక్కరికీ తట్టలేదు. బోటు పూల మధ్య నుంచి అందంగా దూసుకుపోయింది, మేము చప్పట్లు కొట్టాం, కాసేపటికే ఇంజిన్ వేడెక్కి కూత పెట్టింది. ముక్కు నిండా గునుగు పూలు. తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చారు. బతుకమ్మ మింగిన బోటని చేపలవాళ్ళు నవ్వారు. పెద్దబాపు కూడా నవ్వాడు కానీ ఆయన కళ్ళు నవ్వలేదు.

నేను జగిత్యాల వెళ్ళిపోయాక ఫోన్ చేశాడు. మగ్గం మీద దారాలను విడదీసే దువ్వెన ఉంటుంది, పన్నె అంటాం. మరమగ్గాల దగ్గర ఆయన ఎన్నేళ్ళో చూసిందే. గుండ్రటి రంధ్రాలు తీసేసి, పన్నె పళ్ళలాగా సన్నటి గాట్లు పెట్టాడట. పక్క రంధ్రాలను కూడా తిరిగి తెరిచాడట. "ఇగ జూడు బిడ్డా, నీళ్ళు దాగుతది, పువ్వు దినది" అన్నాడు. దాన్ని నీళ్ళలో దించకముందే ఆ చాయ్ తాగాడు.

అధ్యక్షుడు ఈ పొద్దున చెప్పింది ఇదీ. ఇంజిన్ సొసైటీది. మళ్ళీ వేడెక్కి కాలిపోతే అందరి బతుకూ ఆగుతుంది, చూసుకోవడానికి ఆయన లేడు. పాత లెగ్గే ఉంచుతాం. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. చివర్న పెద్దమ్మతో, "వదినె, అన్న చేతిపని. ఇంట్ల పెట్టుకో, యాదికుంటది" అన్నాడు.

పెద్దమ్మ తువ్వాల విప్పింది. లెగ్గు ముక్కును అరచేత్తో తడిమింది.

"యాదికి ఫొటో ఉన్నది. గిది నీళ్ళల్ల ఉండేది" అంది.

ఒక్కసారి నడిపి చూడమని నేను అడిగాను. ఇప్పుడు నీళ్ళు తేటగా ఉన్నాయని, పూలు లేనప్పుడు ఎవరైనా ఉరికిస్తారని అధ్యక్షుడు అన్నాడు. వచ్చే ఏడు మళ్ళీ బతుకమ్మ రాదా, అప్పుడేం చేయాలని ఎదురడిగాడు.

"పూలేసే జూడుండ్రి" అంది పెద్దమ్మ.

ఆయన మూడు షరతులు పెట్టాడు. ఒడ్డు పక్కనే నడపాలి, కూత వినిపిస్తే వెంటనే ఆపాలి, ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగొద్దు. మేము సరేనన్నాం. బోటు నడిపే అన్న సాయంత్రం వచ్చి లెగ్గు తీసుకుపోయాడు. తువ్వాల మాత్రం పెద్దమ్మ ఇవ్వలేదు.

చదువుకుందామని కూర్చున్నాను, ఒక్క వాక్యం ఎక్కలేదు. షెడ్డులోకి వెళ్ళాను. స్టూలు అక్కడే ఉంది, నేనూ కూర్చోలేకపోయాను. పెద్దమ్మ పెద్ద గంప తెచ్చి గడప దగ్గర పెట్టింది. అంతలోనే తీసి అరుగు మీద పెట్టింది. మళ్ళీ లోపలికి తెచ్చింది.

చేన్ల గట్ల మీద గునుగు ఇంకా మిగిలే ఉంది, కొంచెం వడలినా తెల్లగానే ఉంది. రేపు పొద్దున, మంచు తడి ఆరకముందే, ఇద్దరం వెళ్ళి గంప నిండా కోస్తాం. బోటు ముందు నీళ్ళ మీద చల్లుతాం, ఎక్కడా ఖాళీ కనబడకుండా. నా జగిత్యాల బస్సు ఆ తర్వాతే.