పథ్యం లేని మందు

మూడేళ్ల నొప్పి మూడు రోజుల్లో పోయిందంటే నాకు సంతోషం కలగలేదు. ఎక్కడో లెక్క తప్పిందనుకున్నాను.

ఆ నొప్పి మా అక్కయ్యది, అంటే మా పెద్ద తోడికోడలిది. మాది పిడుగురాళ్ల వైపు ఊరు, మిరపా పత్తీ పండే నల్లరేగడి. నాకు మోకాళ్లు అరిగాయి. అది వయసు చేసిన పని, దాంతో నాకు తగాదా లేదు. ఆవిడది వేరు. తెల్లవారేసరికి రెండు చేతుల వేళ్లూ వాచి బిగుసుకుపోయేవి. జాకెట్టు హుక్కులు కోడలు పెట్టాల్సిందే. పది దాటి ఎండ ముదిరితే గాని పిడికిలి ముడుచుకునేది కాదు. మిరప కల్లంలో అందరికంటే వేగంగా తాలుకాయ ఏరే మనిషి, 2001 నాటికి ఒక మూల కూర్చుని కూలీలకు మజ్జిగ పోసే పనికి దిగింది. "చేతులు పడిపోయినదాన్ని ఎన్నాళ్లు భరిస్తారే?" అని నవ్వుతూనే అనేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఆ ఏడు ఉగాదికి ముందు, ఎవరో చెబితే, పొన్నూరు అవతల ఆకుమందు ఇచ్చే ఆయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. పందిట్లో జనం కిటకిటలాడుతున్నారు. ఆయన అక్కయ్య వేళ్లు పట్టుకుని చూడలేదు, నా మోకాలి వంక చూడలేదు. ఇద్దరికీ ఒకే సీసాలోంచి నల్లటి మాత్రలు తీసి పొట్లాలు కట్టాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. నొప్పులు రెండు రకాలైనప్పుడు మందు ఒకటెలా అవుతుంది?

"పథ్యం గట్టిగా ఉండాలి. గోంగూర, వంకాయ ముట్టుకోవద్దు. ముట్టుకున్నాక నొప్పి మళ్లీ వస్తే నా పూచీ లేదు," అన్నాడు.

గుంటూరు జిల్లాలో గోంగూర మానమంటే ఎన్నాళ్లు మానతారు? నొప్పి ఎప్పుడు తిరిగొచ్చినా తప్పు మనదే అయ్యేట్టు ముందే కట్టుదిట్టం చేసుకున్నాడు. బస్సులో ఆ మాటే అంటే అక్కయ్య విసుక్కుంది.

"నీకు దేవుడి ప్రసాదంలోనూ రాళ్లే కనపడతాయి. నోరు మూసుకుని మింగు."

ఆవిడ మింగింది. నేను నా పొట్లం బీరువాలో పెట్టాను.

మూడో రోజు పొద్దున్నే పెరట్లోంచి కేక. "ఏమే, ఇటు రా!" తడి చీర రెండు చేతులా మెలిపెట్టి నీళ్లు కారేలా పిండుతోంది. కళ్లలోనూ నీళ్లు. ఆ వారమే మళ్లీ కల్లంలో కూర్చుంది. "మజ్జిగ నువ్వు పోయవే ఇక," అని నన్ను ఆటపట్టించింది.

నేను చూస్తూ ఉన్నాను. ఆకలి విపరీతంగా పెరిగింది. ముఖం గుండ్రంగా నిండింది. "పెద్దమ్మ పెళ్లికూతురైంది," అని కూలీలు మురిశారు. బుగ్గలు నిండాయి సరే, మరి చేతులూ కాళ్లూ సన్నబడుతున్నాయేం? తిన్నది ఒంటికి పడితే ఒళ్లంతా పట్టాలి గదా.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను ఆవిడ వంటింట్లోకి వెళ్లేసరికి, గుమ్మానికి వీపు పెట్టి గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఉగాది వెళ్లిన వారం నుంచి. అరవకే, కోడలు వింటుంది."

"మరి నొప్పి రాలేదా?"

"రాలేదే! మందు అంత గొప్పది మరి."

ఇంటికొచ్చి ఆలోచించాను. పథ్యం చెడినా నొప్పి రాలేదంటే, పథ్యం దేనికి? ఆ మాత్రలో ఉన్నదేమిటి?

జూన్‌లో మందులాయన తీర్థయాత్రకు వెళ్లాడు, పందిరి ఖాళీ. అక్కయ్య మాత్రలు అయిపోయాయి. మూడో రోజుకి మంచంలోంచి లేవలేకపోయింది. గ్లాసు ఎత్తలేదు. "గోంగూర తిన్న పాపం," అని ఏడ్చింది.

"గోంగూర రెండు నెలలు తిన్నావు, ఏమీ కాలేదు. మాత్ర మూడు రోజులు ఆగింది, మంచాన పడ్డావు. దేనివల్లో నువ్వే చెప్పు," అన్నాను.

ఏడుపు ఆపి, "నీ పొట్లం ఇయ్యి. నువ్వు మింగలేదని నాకు తెలుసు," అంది.

"ఇస్తాను. గుంటూరులో డాక్టరు గారి చేతికి."

తిట్టింది. పోట్లాడే ఓపిక లేక, ఆ పూటే కారెక్కింది.

డాక్టరు గారు ఆవిడ చేతుల కంటే ముందు ముఖం చూశారు. "ఎన్నాళ్లుగా ఈ మాత్రలు?" అన్నారు. వాపును చప్పున అణచే స్టెరాయిడ్ అనే మందు వీటిలో కలిపి ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా ఖాయంగా చెప్పలేను, ముఖం మాత్రం అదే చెబుతోంది అన్నారు. రక్తం తీయిస్తే, అంతకుముందు లేని షుగరు తేలింది. వేళ్ల జబ్బు కీళ్లవాతమనీ, నా మోకాళ్లది అరుగుదల అనీ, దేనికది విడిగా చెప్పారు.

"ఈ పొట్లం ఇక్కడే పారేస్తాను," అన్నాను.

"ఒక్కసారిగా మానడం వల్లే ఈవిడకి ఈ నీరసం అనుకుంటున్నాను. ఆ స్టెరాయిడే నేను కొలిచి ఇచ్చి మెల్లగా తగ్గిస్తాను. అసలు జబ్బుకిచ్చే మాత్ర పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందమ్మా."

ఆయన మీద నాకు మొదటిసారి కాస్త నమ్మకం కలిగింది. వారాలు పడుతుందని చెప్పుకునే మందు అబద్ధం చెప్పదనిపించింది. అయినా ప్రతి మాటా రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

అక్కయ్య అడిగింది ఒక్కటే. "పథ్యం ఏంటండీ?"

"పథ్యమేం లేదమ్మా. తీపి తగ్గించండి. గోంగూర తినొచ్చు."

బయటికి రాగానే నా చెయ్యి గిల్లింది. "పథ్యం లేని మందు ఏం మందే? ఈయనకేమీ తెలిసినట్టు లేదు."

ఇక ఈ మాత్రలు మింగదని భయపడ్డాను. మింగలేదని తెలిసిన రోజు కూడా ఉంది. ఆ సాయంత్రం ఆవిడే వచ్చి, "నేను వంకాయ మానేస్తున్నాను. అప్పుడే ఈ మందు పట్టేది," అంది. సరేనన్నాను. పథ్యం పట్టాక మాత్ర తప్పలేదు, చేసిన పథ్యం వృథా పోకూడదుగా.

దీపావళికి ముఖం తగ్గింది. పిడికిలి పదికి కాక ఎనిమిదింటికే ముడుచుకుంటోంది. మరుసటేడు కల్లంలో కూర్చుంది, వెనకటి వేగం లేదు. "వంకాయ మానాను, చేతులొచ్చాయి," అని అందరికీ చెప్పింది.

"మరి గోంగూర?" అన్నాను.

"అది తినమని డాక్టరే చెప్పాడుగా!"

అసలావిడకి వంకాయ మొదటినుంచీ ఇష్టం లేదేమోనని నా అనుమానం.