చావింట్లో అమ్మ అన్న మాట

నాన్న కానిస్టేబుల్. భూపాలపల్లి అడవి దారిలో నక్సలైట్ల మందుపాతర పేలి చనిపోయాడు. ఎనభైల నడుమ సంగతి. మేం అప్పుడు జనగామలో అద్దెకుండేవాళ్లం. ఆ తర్వాత మూడు నెలలకు కొడకండ్ల దగ్గర ఒక పల్లెకు ఒక యువకుడి శవం వచ్చింది. అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయాడన్నారు. నాన్నను చంపిన దళంలో వాడూ ఉన్నాడని మా వాడలో చెప్పుకున్నారు. నిజమో కాదో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం కసి తీరినట్టే అనిపించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గాని, అనిపించింది.

అమ్మ ఆ తల్లిని చూసి రావాలన్నది.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అని అరిచాను.

"నాకాడికి పదిమందొచ్చి కూసున్నరు బిడ్డా. ఆమె కాడికి పోలీసుల భయానికి ఎవ్వలు పోతలేరట" అన్నది.

భర్త పోయి ఏడాదైనా కాకుండా గడప దాటుడేందని మేనత్త అడ్డం పడింది. అమ్మ వినలేదు. ఒంటరిగా పంపలేక, పళ్లు కొరుక్కుంటూ నేనూ బస్సెక్కాను.

ఆ తల్లి గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. అమ్మ ముందే తానెవరో చెప్పేసింది. ఆమె కళ్లెత్తి చూసి మళ్లీ దించుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. అమ్మే వెళ్లి పక్కన కూర్చుంది. చాలాసేపటికి ఇద్దరూ తిండి సంగతి మాట్లాడుకున్నారు. ముద్ద దిగడం లేదని అమ్మ, పొయ్యి రాజేయబుద్ధి కావడం లేదని ఆమె. తలుపు దగ్గర ఆమె చిన్న కొడుకు, ఇరవై ఏళ్లవాడు, మమ్మల్ని మింగేసేలా చూస్తున్నాడు. నేనేం తక్కువ తినలేదు, నేనూ అలాగే చూశాను.

చావింటికి వెళ్లినవాళ్లు మా దిక్కున చెప్పి రారు. లేచి వచ్చేయడమే. "పోయొస్త" అన్నామంటే ఇంకో చావుకు వస్తామన్నట్టు. ఆ సంగతి అమ్మకు తెలియక కాదు. అలవాటైన నోరు. లేచి కొంగు సర్దుకుంటూ "పోయొస్త అక్కా" అనేసింది.

తల్లీ కొడుకులిద్దరూ బిగుసుకుపోయారు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"దేనికొస్తవ్?" అన్నది ఆమె. "ఇగ నాకు మిగిలింది వీడొక్కడే. గీడు గూడ అడవికి పోత, అన్న తుపాకి పడత అంటుండు. వీని సావుకొస్తవా?"

అమ్మ మళ్లీ కూర్చుంది.

"వీడు బతికుండంగనే వస్త. ప్రతి ఐతారం వస్త."

అన్నట్టే ఆదివారం ఆదివారం వెళ్లింది. నేను గొణుక్కుంటూ వెంట వెళ్లేదాన్ని. ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు గాని, కొన్నాళ్లకు ఆమెను పెద్దమ్మా అని పిలుస్తున్నాను. చిన్న కొడుకు మాత్రం మేం రాగానే బయటికి వెళ్లిపోయేవాడు.

తర్వాత తర్వాత వాళ్లిద్దరూ కలిసి వేరే ఇళ్లకూ వెళ్లడం మొదలుపెట్టారు. ఒక వారం పోలీసు చనిపోయిన ఇల్లు, ఒక వారం అడవికి పోయినవాడు తిరిగిరాని ఇల్లు. వాళ్లకు సంఘం లేదు, జెండా లేదు. పోయి కూర్చునేవాళ్లు, అంతే. మానుకోటలో ఒక కానిస్టేబుల్ భార్య దగ్గర పెద్దమ్మ, "నా కొడుకు గూడ దళంలనే ఉండె. తిట్టాలనుంటే నన్ను తిట్టు చెల్లె" అన్నది. ఆ ఇల్లాలు మొహమాటపడలేదు. గంటసేపు తిట్టింది. పెద్దమ్మ తల వంచుకొని విన్నది. తిట్టి తిట్టి అలసిపోయి, ఆ ఇల్లాలే లేచి, "జర చాయ్ తాగుతరా?" అని అడిగింది. మరుసటి నెల నుంచి ఆమె కూడా వీళ్లతో బస్సెక్కింది.

ఎండాకాలంలో ఒక ఆదివారం మేం వెళ్లేసరికి చిన్న కొడుకు భుజాన సంచితో ఇంట్లో నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ గడపకు అడ్డంగా కూర్చొని ఉంది. అడవికే ప్రయాణమని అడగకుండానే అర్థమైంది. అమ్మ గడప బయటి నుంచే ఎంత బతిమాలినా వాడు తల తిప్పుకున్నాడు. చివరికి నా వైపు చూశాడు.

"మీ అమ్మ సంగతి ఇడిశిపెట్టు. నువ్వు జెప్పు. మా మీద నీకు కోపం లేదా?"

లేదని చెప్పమని అమ్మ కళ్లతోనే వేడుకుంది. నాకు అబద్ధం రాలేదు.

"ఉన్నది. మస్తుగున్నది. ఇంక తీరనే లేదు. నువ్వు గూడ సస్తే నేనెవరి మీద కోపం జెయ్యాలె?" అన్నాను. అంటూనే ఏడుపు ఆగలేదు. నాన్న పోయాక పరాయివాళ్ల ముందు నేను ఏడవడం అదే మొదటిసారి.

వాడు సంచి దించి, నేల మీద కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకొని తానూ ఏడ్చాడు. మా ఇద్దరి ఏడుపూ ఆగేదాకా పెద్దమ్మ గడప మీంచి లేవలేదు. ఆమెను దాటుకొని లోపలికి వెళ్లి, సంచిలోని వాడి బట్టలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది మా అమ్మ.