పాఠాల ఫ్లాపీకి కాపలా

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలాయన నా కళ్ల ముందే బర్రెను పిండినా, చెంబులో ముందుగానే నీళ్లున్నాయేమోనని వంగి చూసేవాణ్ణి. బస్సులో టికెట్ తీసుకుంటే దాన్ని వెలుతురుకు పెట్టి, పాతది కాదు కదా అని తిప్పి చూసేవాణ్ణి. ఈ గుణాన్ని ఇంట్లోవాళ్లు భరించారే తప్ప ఎవరూ మెచ్చుకోలేదు. బడిలో మాత్రం మెచ్చుకున్నారు. పదో తరగతి పరీక్షలు వస్తే, జవాబు పత్రాల కట్టలకు గుడ్డ కుట్టి లక్క సీలు వేసే పని ప్రతి ఏడూ నాకే ఇచ్చేవారు. కొవ్వొత్తి మీద లక్క కరిగించి, చుక్క చుక్కగా పోసి, ఇత్తడి ముద్రను గట్టిగా అదిమిపెట్టడంలో ఆ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని పేరు.

ఎనభైల చివర్లో మా బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. మాది మోత్కూరు దారిలో ఉన్న ఒక ఉన్నత పాఠశాల. నేను అక్కడ లెక్కల సారును. నల్లగొండలో పది రోజులు శిక్షణ ఇచ్చి, నన్ను వాటికి ఇన్‌చార్జిని చేశారు. ఇన్‌చార్జి అంటే మా అందరికీ తెలిసిన అర్థం ఒక్కటే. వస్తువు వాడకపోతే ఎవరూ అడగరు, పాడైతే మాత్రం జీతంలోంచి పట్టుకుంటారు. అంతకు ముందు మా బడికి ఒక టీవీ వచ్చింది. దాని ఇన్‌చార్జి దాన్ని అట్టపెట్టెలోంచి బయటికి తీయకుండానే రిటైరయ్యాడు. ఆయనంత తెలివైనవాడు లేడని స్టాఫ్ రూములో అప్పటికీ చెప్పుకునేవారు.

నేను అంత దూరం పోలేదు. పిల్లలకు చూపించాలనే ఉండేది. చెప్పులు బయట విడిపించి, కాళ్లు కడిగించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమని చెప్పి మరీ చూపించేవాణ్ణి. కీబోర్డు మీద వేలు పెట్టే భాగ్యం వారానికి ఇద్దరికే దక్కేది. వాళ్ల గోళ్లు కూడా చూసేవాణ్ణి.

నా భయమంతా ఫ్లాపీ గురించే. రెండు యంత్రాలకూ కలిపి పాఠాల ఫ్లాపీ ఒక్కటే ఇచ్చారు. అరచేతి కంటే కొంచెం పెద్దది, నల్లగా, పలచగా, వంచితే వంగేలా ఉండేది. అది లోపలికి పోతేనే తెర మీద పాఠాలు వచ్చేవి. అది లేకుంటే ఒక చిన్న గీత మినుకుమినుకుమంటూ ఉండేది, అంతే. ఇంత పలచని వస్తువును ఎవడైనా చొక్కాలో పెట్టుకుని నడిచిపోతే నేనేం చేయాలి? అందుకని దాన్ని గుడ్డ అతికించిన కవరులో పెట్టి, కవరు మూతి చివర ఒక లక్క సీలు వేసి, ఆ గదిలోనే ఇనుప బీరువాలో దాచేవాణ్ణి. శనివారం సీలు వేయడం, సోమవారం ఇంకో సారు ఎదురుగా పగలగొట్టడం. గది తాళం చెవి నా మొలతాడుకే ఉండేది.

"గా డబ్బలను పెండ్లి చేసుకున్నరా ఏంది?" అని మా ఆవిడ అడిగేది. నేను స్నానానికి పోయేటప్పుడు కూడా ఆ తాళం చెవి తీసేవాణ్ణి కాదు మరి.

ఇక చాచా సంగతి చెప్పాలి. బడిలో గంట కొట్టడం, గదులు ఊడ్వడం, నీళ్లు నింపడం, పెద్దసారు చెప్పిన కాగితం ఊళ్లో ఎవరికో ఇచ్చి రావడం, అన్నీ ఆయనే. పిల్లలు చాచా అనేవాళ్లు, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. పదహారేళ్లుగా రోజుకూలీ మీదనే ఉన్నాడు. ఆ ఏడు ఆయనలాంటి వాళ్లను పర్మినెంటు చేయడానికి పేర్లు పంపమని జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, నడవడి బాగుందని రాసి సంతకం పెడితే ఆయన పేరు పోతుంది. ఆ కాగితం వచ్చిన రోజు చాచా గంటను మామూలు కంటే నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టాడు. నాకు అది కూడా నచ్చలేదు. మనిషి అంత సంతోషంగా ఉంటే ఏదో ఉందనిపించేది.

ఒక సోమవారం గది తెరిచేసరికి తెర మీద దుమ్ము లేదు. శనివారం నేను పోయేటప్పుడు సన్నటి పొర ఉంది, కావాలనే వదిలిపెట్టి పోయాను. కప్పిన గుడ్డ మడత కూడా వేరే వైపుకు ఉంది. మళ్లీ శనివారం వచ్చాక గడప లోపల సుద్దపొడి చల్లి, ఊపిరి బిగబట్టి తలుపు మూశాను. సోమవారం చూస్తే పొడి మీద ఒట్టికాళ్ల అడుగులు. పెద్ద పాదాలు, కుడికాలి చిటికెన వేలు కొంచెం బయటికి తిరిగి ఉంది. బడిలో చెప్పులు లేకుండా తిరిగే పెద్దవాడు ఒక్కడే.

"చాచా, నా గదిల నీకేం పని?" అన్నాను.

"దుమ్ము తుడవనీకె పోయిన సార్. ఎవలో పెద్ద ఆఫీసర్ వస్తడంట, సాఫ్ జేసి పెట్టుమని పెద్దసారే ఇంకో తాళంచెవి ఇచ్చిండు. రెండుపార్లు తుడిచి మళ్ల ఇచ్చేసిన."

"ఏమేం ముట్టినవ్?"

"గుడ్డ దులిపిన, అద్దం తుడిచిన. గంతే సార్. బీరువ జోలికి పోలే."

నేను పెద్దసారు దగ్గరికి పోయి అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇచ్చిననో లేదో, నాకు యాదికి లేదయ్యా" అన్నాడు. నాకు ఇద్దరి మీదా అనుమానం వచ్చింది. కానీ పెద్దసారును అనుమానించడం కష్టం, ఆయన నా సెలవు చీటీల మీద సంతకం పెట్టే మనిషి. చాచాను అనుమానించడం సులువు. ఇప్పుడు ఇలా రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ, ఆ రోజు నా మనసు ఎంత తొందరగా ఆ సులువైన దారి పట్టిందో నాకు బాగా గుర్తుంది.

ఆ శనివారం నుంచి కాపలా పెంచాను. కవరు మూతి చివర ఒక్క సీలు చాలదనిపించింది. పరీక్ష కట్టలకు వేసినట్టే అయిదు సీళ్లు వేశాను. నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి. లక్కను బాగా మరిగించి, రూపాయి బిళ్లంత మందంగా పోసి, ముద్రను పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టాను. అంత అందమైన సీళ్లు నేను పరీక్షలకు కూడా వేయలేదు. ఇప్పుడెవడు ముడతాడో చూద్దామనుకున్నాను.

సోమవారం పదో తరగతి పిల్లలు కాళ్లు కడుక్కుని వరుసగా వచ్చి నిలబడ్డారు. సీళ్లు చెక్కుచెదరలేదని సోషల్ సారు సాక్ష్యం చెప్పాడు. పగలగొట్టి ఫ్లాపీ తీసి లోపల పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. గర్రుగర్రుమని చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. తెర మీద ఏదో తప్పని రాసింది. నాలుగుసార్లు పెట్టాను, రెండో యంత్రంలోనూ పెట్టాను. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సీళ్లు బాగానే ఉన్నాయి కదా, మరి చాచా తప్పెలా అవుతుంది? ఈ ప్రశ్న సోషల్ సారు అడిగాడు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వేడి బ్లేడుతో సీలును కింది నుంచి లేపి, పని కానిచ్చి, మళ్లీ అతికించడం సాధ్యమేనని పరీక్షల పనిలో ఉన్న ప్రతి సారుకూ తెలుసు. పగిలిన లక్క ముక్కలన్నీ ఏరి, సైన్సు గదిలోని భూతద్దం తెచ్చి చూశాను. ఒక ముక్క అంచున వెంట్రుకంత గీత కనిపించింది. నాకు అది చాలు. ఆ మధ్యాహ్నమే రిపోర్టు రాశాను. అనుమతి లేకుండా గదిలోకి ప్రవేశించినందున ప్రభుత్వ పరికరానికి నష్టం వాటిల్లిందని, బాధ్యుడు ఫలానా అని. పెద్దసారు దాన్ని చదవలేదు. తాళం చెవి సంగతి ఎక్కడ తన మీదికి వస్తుందోనని గబగబా సంతకం పెట్టి, చాచా పేరును ఆ జాబితాలోంచి పక్కన పెట్టాడు.

చాచా వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "ఖుదా కసం, నేను ముట్టలే సార్. పదారేండ్లు చేసిన. ఒక్క సుద్దముక్క ఇంటికి తీస్కపోలే."

"ఆఫీసుకు చెప్పుకో" అన్నాను. తల ఎత్తకుండానే అన్నాను.

వారం తర్వాత కొత్త ఫ్లాపీ కోసం నల్లగొండ పోయాను. పాడైన దాన్ని దాని కవరుతో సహా పట్టుకుపోయాను, మధ్యలో ఎవరూ మార్చకుండా చంకలో పెట్టుకుని మరీ. మాకు శిక్షణ ఇచ్చిన కుర్ర లెక్చరరు దాన్ని యంత్రంలో కూడా పెట్టలేదు. కిటికీ దగ్గరికి పోయి, ఏటవాలుగా పట్టుకుని చూశాడు.

"సార్, దీన్ని పొయ్యి మీద గిట్ల పెట్టిండ్రా?"

"పొయ్యేంది?" అన్నాను.

"చూడుండ్రి, గీడ ఉబ్బింది, గీడ ఉబ్బింది. నడుమ కూడ. వేడి తగిలితే గిట్లనే వంకరవోతది. ఇగ లోపల తిరగదు." తర్వాత కవరు అందుకున్నాడు. దాని మీద ఇంకా అంటుకుని ఉన్న ఎర్ర లక్క పెచ్చులను గోటితో గీకాడు. "గీ లక్క ఎవలు పోసిండ్రు సార్?"

"ఆఫీసు పద్ధతి" అన్నాను.

నేనే అని చెప్పలేదు. ఆఫీసు అన్నాను.

తిరుగు బస్సులో మొదట ఆ లెక్చరరును అనుమానించాను. నాసిరకం ఫ్లాపీ అంటగట్టి నెపం నా మీదికి నెడుతున్నాడేమో అనుకున్నాను. కవరు తీసి, దానిలో ఫ్లాపీ పెట్టి, లక్క ఉన్న చోట్లన్నీ వేలితో తడిమాను. అయిదు సీళ్లు, వాటి కింద అయిదు ఉబ్బులు. ఒక్కటి కూడా అటు ఇటు కాలేదు. నన్ను నేను అనుమానించడం నాకు ఎన్నడూ అలవాటు లేదు, అందుకే అంత సేపు పట్టింది. భువనగిరి టికెట్ కావాలని ఎవరో కండక్టరుతో వాదిస్తున్నారు. నాకు దిగిపోయి ఎటైనా నడిచిపోవాలనిపించింది.

నాలుగు రోజులు నోరు మెదపలేదు. నిజం చెప్పుకుంటే అంతే. లెక్చరరుకు మా ఊరితో పని లేదు, కొత్త ఫ్లాపీ ఇచ్చేశారు, పాఠాలు నడుస్తున్నాయి. చాచా గంట కొడుతూనే ఉన్నాడు. నన్ను చూస్తే నమస్తే పెడుతూనే ఉన్నాడు. ఆ నమస్తేలో ఏదైనా ఎత్తిపొడుపు ఉందా అని వెతికాను, దొరకలేదు. అయిదో రోజు పెద్దసారుకు చెప్పేశాను.

"లిస్టు పోయింది గదయ్యా" అన్నాడాయన. "ఇప్పుడు నువ్వు మళ్ల ఇంకోటి రాస్తే నీ మీదికే వస్తది. నా మీదికీ వస్తది. ఊకో."

ఊరుకోలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. ఊరుకుంటే నిద్ర పట్టడం లేదు, అంతే. తప్పు నాదేనని, లక్క వేడికే ఫ్లాపీ పాడైందని, చాచాకు దానితో సంబంధం లేదని ఒక పేజీ రాశాను. దాని ఫలితం కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాచా పర్మినెంటు అయ్యాడు. కానీ ఆ జాబితాలో కాదు, రెండేళ్ల తర్వాత వచ్చిన ఇంకోదాంట్లో. ఆ రెండేళ్లు ఆయన కూలీగానే గంట కొట్టాడు. అది నా వల్ల.

ఆ కాగితం జిల్లా ఆఫీసుకు పంపే ముందు, ఆదివారం పొద్దున ఆయనింటికి పోయాను. వాకిట్లో కూర్చుని కోళ్లకు నూకలు వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మళ్ల ఏమైంది సార్?"

"ఏం కాలే. తప్పు నాది చాచా. నీది గాదు. గదే రాసి తెచ్చిన" అని కాగితం చాపాను.

ఆయన చేయి చాపలేదు. కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు.

"దీని మీద నేను దస్కత్ పెట్టాల్నా?"

"వద్దు. నా దస్కతే ఉంది."

"నాతోని ఏం పని మరి?"

"నీకు చూపిద్దామని తెచ్చిన."

ఆయన పోయి పక్కింటి టైలరును పిలుచుకొచ్చాడు. టైలరు వాకిట్లో నిలబడి గట్టిగా చదివాడు. నేను రాసిన నా తప్పులు ఒక్కొక్కటీ పక్క వాకిళ్లకు కూడా వినబడ్డాయి. చాచా కళ్లు కాగితం మీద లేవు, నా ముఖం మీదే ఉన్నాయి. అయిపోయాక, "ఇంకోపారి చదువు భాయ్" అన్నాడు. రెండోసారి చదివేటప్పుడు మధ్యలో ఆపి, "గా మాట గీన్నే ఉన్నదా? నువ్వు కలుపుతలేవు గద?" అని టైలరును అడిగాడు.

తర్వాత నా వైపు తిరిగాడు. "గిట్లాంటిదే ఇంకోటి రాసియ్యుండ్రి సార్. నా దగ్గర ఉంటది. రేపు మీరు గట్ల అనలేదంటే నేనేం జెయ్యాలె?"

కోపం రాలేదు. ఆ చూపును నేను ఎరుగుదును, పదహారేళ్లలో ఆయనకు లేనిదాన్ని ఒక్క నెలలో నేర్పింది నేనే. లోపలి నుంచి ఒక పీట తెచ్చి వేశాడు. దాని మీద కూర్చుని, మోకాళ్ల మీద కాగితం పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి రాశాను. తెలుగు ఒక్క అక్షరం రాని ఆ మనిషి నా భుజం మీదుగా వంగి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, నేను ఎక్కడైనా వరుస తప్పిస్తానేమోనని చివరి దాకా వేలు పెట్టి చూస్తూనే ఉన్నాడు.