ముసందంలో మల్లేశం తీసిన వీడియో

గ్రీసులో సముద్రంలోకి చొచ్చుకెళ్లిన ఓ ద్వీపకల్పం ఫొటోలు చూపించి మా ఆవిడ ఆర్నెల్లు నా ప్రాణం తోడేసింది. వీసావాళ్లు మాకంత అదృష్టం లేదని తేల్చేశారు. మేముండే ఒమాన్‌కీ ద్వీపకల్పం ఉంది కదా అని ముసందానికి టికెట్లు తీస్తే, ఆవిడ అలిగి మస్కట్‌లో, దార్సైట్ ఇంట్లోనే ఉండిపోయింది. ఒక్కణ్ణే బయల్దేరాను.

ముసందం ఒమాన్‌దే గానీ మధ్యలో ఎమిరేట్స్ అడ్డం. రోడ్డున వెళ్తే మళ్లీ వీసా గోల. అందుకని తెల్లారకముందే మస్కట్‌లో బస్సెక్కి, షినాస్ రేవులో ఫెర్రీ పట్టుకున్నాను. పక్క సీట్లో మల్లేశం. జగిత్యాల మనిషి, మస్కట్ శివారు రుసైల్‌లో ఓ గోడౌన్‌లో పని.

“నాలుగేండ్లాయె సారూ వచ్చి. డ్యూటీ, రూమ్ తప్ప ఏం సూడలే. ఈ వారం వీసా క్యాన్సిల్ చేస్కోని ఇంటికి పోతున్న. ముసందం డాల్ఫిన్లను సూపియ్యకుంటే ఇంట్లకు రానియ్యదట మా ఆమె భాగ్య.”

మధ్యాహ్నానికి ముసందంలోని ఖసబ్ ఊరు చేరాం. పోర్చుగీసువాళ్లు కట్టిన కోట చూశాం. పిలవని పేరంటానికొచ్చి గోడలు కూడా కట్టుకున్న ఘనులు! రాత్రికి చవక లాడ్జీలో ఇద్దరం ఒకే గది తీసుకున్నాం.

పొద్దున్నే చెక్క పడవెక్కాం. తివాచీలు, దిండ్లు, ఖర్జూరాలు, టీ, పెళ్లివారి మర్యాదలే. పచ్చగడ్డి కూడా మొలవని కొండలు నిటారుగా నీళ్లలోకి దిగిపోయాయి. వాటి మధ్య టెలిగ్రాఫ్ దీవి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు లండన్‌ను ఇండియాతో కలిపే తంతి తీగను ఇటుగా లాగారట. ఆ ఎండకు గుమాస్తాలకు పిచ్చెక్కేదని పడవ నడిపే ఒమానీ నవ్వాడు. లండన్‌కు కబుర్లు పంపిన చోట మల్లేశం ఫోనుకు సిగ్నల్ లేదు.

“లైవ్‌ల సూపిస్తనని మాటిచ్చిన సారూ.” పాపం, ముఖం వాడిపోయింది.

“వీడియో తియ్యి, తర్వాత పంపొచ్చు,” అన్నాను.

అంతలో డాల్ఫిన్లు పడవ పక్కనే ఎగిరాయి. మల్లేశం ఫోను పైకెత్తి పట్టుకుని, “అగో! భాగ్యా, అగో సూడు!” అని కొండలు దద్దరిల్లేలా అరిచాడు.

పడవ దిగి పరుగున వెళ్లి తిరుగు ఫెర్రీ ఎక్కాం. రేవులో సిగ్నల్ రాగానే వీడియో తెరిచాడు. అందులో ఒక్క డాల్ఫిన్ లేదు. రోజూ రూమ్‌లోంచి భార్యకు వీడియో కాల్ చేసే అలవాటుకొద్దీ కెమెరా తన వైపే పెట్టుకున్నాడు. ఎండలో తెర కనబడక చూసుకోలేదు. వీడియో నిండా మల్లేశం పళ్లే. నవ్వాపుకోలేకపోయాను, తర్వాత నా మీద నాకే సిగ్గేసింది.

“గిదే పంపిస్త, తిడితే తిట్టనియ్,” అని ఉసూరుమంటూ పంపాడు.

కాసేపటికి భాగ్య ఫోన్ చేసింది. ఇంజను రొదలో వినబడక స్పీకర్ పెట్టాడు. నేనూ చెవి ఒగ్గాను.

“డాల్ఫిన్లు టీవీల గూడ అగుపడ్తయి. నువ్వు గిట్ల నవ్వంగ సూడక నాలుగేండ్లాయె. జల్ది రా.”