పాతిపెట్టిన రిజిస్టరు

తొంభైల్లో ఆత్మకూరులో కంప్యూటర్ పెట్టె మూత విప్పడం తెలిసినవాళ్లం ఇద్దరమో ముగ్గురమో. నా చొక్కా జేబులో ఎప్పుడూ పెన్సిల్ గీతలు తుడిచే రబ్బరు ముక్క ఉండేది. మిషను మొరాయిస్తే మూత విప్పి ర్యామ్ పట్టీని ఊడదీసేవాణ్ణి. మిషను నడుస్తున్నంతసేపూ మనం కొట్టిందంతా గుర్తుంచుకునేది ఆ పట్టీయే. దాని అంచున మెరిసే పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తే, పదింట తొమ్మిదిసార్లు లేచి కూర్చునేది. అందరూ నన్ను రబ్బరు డాక్టరు అనేవారు. ఆ పేరు నాకు ముద్దుగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఒక వేసవిలో ఉదయగిరి కొండ కింద ఓ పల్లె బాప్టిస్టు చర్చి నుంచి కబురు వచ్చింది. పంపింది ఆ సంఘానికి పెద్ద, రిటైరైన మాస్టారు. బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు, పెద్దయ్యాకే ఇచ్చి ఆ ఏడాదీ రిజిస్టరులో రాస్తారు. బిడ్డను గుడికి తెచ్చి ప్రార్థన చేయించి, పుట్టిన తేదీ కూడా అందులోనే రాయిస్తారు. బడి ముఖం చూడనివాళ్లకు వయసు రుజువు ఆ పుస్తకమొక్కటే. ఇప్పుడు దానికి చెదలు పట్టింది. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్‌లోకి మాస్టారు దాన్ని ఒంటివేలితో ఎక్కిస్తున్నారు.

"మధ్యాహ్నం రెండు దాటితే బిగుసుకపోతా ఉండాది నాయనా," అన్నారు నేను వెళ్లగానే. "ఇంకోటి. ఒకామెకు నాలుగేళ్లకే బాప్తిస్మం అయినట్టు పడినాది. బాప్తిస్మం ఏడాది డెబ్బై అని కొట్టినాను, చూస్తే యాభై అని ఉండాది."

"కళ్లజోడు మార్చండి సార్," అని నవ్వాను. ఆయనా నవ్వారు, కానీ పూర్తిగా కాదు.

రేకుల గది. కొలిమిలా ఉంది. మూత విప్పి, ఆయన తెప్పించిన టీ తాగి, కబుర్లు చెబుతూ అరగంట పాటు పట్టీలు రుద్దాను. స్విచ్ వేయగానే మిషను తన మెమరీ బాగుందో లేదో తానే లెక్కపెట్టి చూసుకోవడం మొదలుపెడుతుంది. ఎప్పటిలాగే మీట నొక్కి ఆ లెక్క దాటించేశాను. అంతసేపు కాచుకుని కూర్చుంటే మనకు పని రాదనుకుంటారు కదా!

"ఇంక భయం లేదు గదా?" అని అడిగారు.

"గుండ్రాయిలా ఉంటుంది సార్. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను.

ఆయన నిశ్చింతగా ఉండే మనిషి కాదు. పని పూర్తయ్యాక మొదటి పేజీ నుంచి మూడుసార్లు సరిచూశారట. ప్రతి పేజీ తెరవడం, దిద్దడం, మళ్లీ మిషనులో దాచడం.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం నన్ను పిలిపించారు. అక్కడ చిరిగిపోయిన బైబిలును చెత్తలో వేయరు, పొయ్యిలో పెట్టరు. తెల్లగుడ్డలో చుట్టి సమాధుల తోటలో పాతిపెడతారు. చెదలు మిగతా పుస్తకాలకూ పాకుతున్నాయని ఆ రిజిస్టరుకూ అదే మర్యాద చేశారు. నేనూ తల వంచి నిలబడ్డాను. మట్టి పడుతుంటే మాస్టారు నా భుజం మీద చేయి వేసి, "నీ చలవే నాయనా," అన్నారు. సరిగ్గా అప్పుడు ఆ నాలుగేళ్ల బాప్తిస్మం గుర్తొచ్చింది. ప్రార్థన మధ్యలో అదేం మాట అనుకుని నోరు మూసుకున్నాను.

మళ్లీ ఎండలు ముదిరాయి. ప్రింటర్ రిబ్బను మార్చడానికి వెళ్లిన రోజు పొద్దున్నే ఒకామె వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా పోస్టు పడిందట. వయసు ముప్పై అయిదు దాటకూడదు. పుట్టిన తేదీకి చర్చి ఉత్తరం కావాలి. ఎల్లుండే గడువు. మాస్టారు తెర మీద వెతికి, 1961 అని చదివి, "ముప్పై ఆరు వచ్చేసినాయే తల్లీ," అన్నారు.

"అదెట్ట సార్? మా అక్కది అరవై రెండని అప్పట్లో పుస్తకం చూసి మీరే రాసిచ్చినారే. అక్క కంటే ముందు నేను పుట్టినానా?"

డెబ్బై యాభై అయిన సంగతి గుర్తొచ్చి నేను మిషను ముందు కూర్చున్నాను.

పేజీల నిండా ఏడు అనే అంకె ఒక్కటే కొట్టి, దాచి, తెరిచి చూశాను. అన్నీ ఏడులే. మూత బిగించి మిషను ఆపకుండా వదిలేశాను. రెండు దాటాక, రేకులు కాలి గది ఉడికిపోతున్నప్పుడు మళ్లీ చూశాను. ఏడుల వరుసలో ఒకచోట అయిదు. కింద ఇంకొకటి. పేజీ నిండా మూడు అనే అంకె నింపితే, అక్కడక్కడా మూడు బదులు ఒకటి. ఒక పట్టీ తీసేస్తే అంతా శుభ్రం. ఆ పట్టీనే ఒంటరిగా పెడితే మళ్లీ అదే రోగం. దాన్ని అరగంట చల్లారనిచ్చి చూస్తే మళ్లీ బుద్ధిమంతురాలు.

అప్పుడు తెలిసింది. ఆనాడు మిషను బాగుపడినట్టు కనిపించింది నా రబ్బరుతో కాదు, అరగంట మూత తెరిచి ఉన్నందుకు. మాస్టారు సరిచూసిన ప్రతిసారీ మంచి తేదీలు కూడా ఆ వేడెక్కిన పట్టీ మీదుగానే నడిచాయి. ఆయన దిద్దేకొద్దీ అది చెరిపింది.

"అక్షరం చెడితే కంటికి ఆనుతాది," అన్నారు మాస్టారు మెల్లగా. "అంకె చెడినా అంకెలాగే ఉంటాది గదా."

రిజిస్టరును తవ్వి చూద్దామని, అంతదాకా కాచుకుని ఉన్న ఆమెతో కలిసి ముగ్గురం సమాధుల తోటకు వెళ్లాం. పలుగుతో ఆయనే తవ్వారు, నన్ను తవ్వనివ్వలేదు. గుడ్డ లేదు, కాగితం లేదు. చెదమట్టిలో అట్ట మూలకు కుట్టిన తోలు ముక్క ఒకటి దొరికింది.

"అరవై మూడని రాయండి సార్. మా అమ్మ అదే చెప్పేది," అంది ఆమె.

"నిజమే అయ్యుంటాది తల్లీ. చూడంది చూసినట్టు ఎట్ట రాసేది?"

ఆయన రాయలేదు. ఆమె బతిమాలలేదు కూడా. కాసేపు ఆ గుంటలోకి చూసి నా వైపు తిరిగింది.

"పూడ్చిననాడు నువ్వూ ఈడే నిలబడి ఉండావు గదన్నా. ఆ పొద్దు నీకేం అనుమానం రాలేదా?"

"రాలేదమ్మా," అన్నాను.

మాస్టారు పక్కనే ఉన్నారు. నాలుగేళ్ల బాప్తిస్మం సంగతి నాకు చెప్పింది ఆయనే. నా ముఖంలోకి ఒకసారి చూసి, పలుగు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.