దేవసహాయం గారు ఖాళీగా ఉంచిన గడి

దేవసహాయం గారు ఏ బండినైనా ముందు కిందినుంచి చూస్తారు. ఆ తరవాతే ఎక్కుతారు.

భుజం మీది తువ్వాలు నేల మీద పరుస్తారు. దాని మీద వెల్లకిలా పడుకుని చక్రాల మధ్యకు జారిపోతారు. కాసేపటికి లోపలినుంచి గొంతు వినిపిస్తుంది. "ఒక్కసారి బ్రేకు తొక్కు నాయనా." ఆ తరవాత బయటికొచ్చి, తువ్వాలు దులిపి, నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డ నాగదుర్గను అడుగుతారు. "నువ్వేమంటావు?"

అమలాపురంలో నాగదుర్గ టైపు ఇన్‌స్టిట్యూటు మెట్ల కిందే లారీలు ఆగుతాయి. ఆయన రిటైరైన మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం మెట్ల కింద నిలబడి కేక వేసేవారు. ఆమె దిగి వచ్చేది. ఆయన అడిగితే తోచింది చెప్పేది. "ఎడమ వెనక చక్రానికి బ్రేకు ఆలస్యంగా పడుతోందండి." "అయితే రాయి. కింద సంతకం పెట్టు." డ్రైవరు చేత కూడా సంతకం పెట్టించేవారు. ముప్ఫై మూడేళ్లు బ్రేకు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషికి వయసు మీద పడి మతిమరుపు వచ్చిందనీ, అందుకే తనను అడుగుతున్నారనీ నాగదుర్గ అనుకునేది. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని చెప్పేది.

కొబ్బరి లారీల ముత్యాలరాజు మాత్రం మొహమాటపడేవాడు కాదు. "మీరు రిటైరయ్యేరని ఆర్డరు మాకందరికీ వచ్చిందండి. మీకొక్కరికే రాలేదు."

"నాకూ వచ్చింది రాజూ. నీ లారీకి రాలేదు. తొక్కించు."

దేవసహాయం గారు తన అన్నగారి కూతురు శారోన్ పెళ్లిరోజున పూలు చుట్టిన కారు కిందికీ దూరారు. అవి కొత్త బట్టలు. పెళ్లికూతురు వచ్చేదాకా చర్చిలో పాస్టరు గారు రెండు పాటలు ఎక్కువ పాడించారు. కారులోంచి పెళ్లికూతురు ఏడుపుగొంతుతో అంది. "చిన్నాన్నా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. మీ పాస్టరు గారు ప్రార్థన చేస్తే పెళ్లవుతుంది. కారు ఆగాలంటే బ్రేకు లైనర్లుండాలి."

శారోన్ చివరికి రిక్షాలో వెళ్లింది. ఆ రిక్షా బ్రేకు చూశాకే.

తొంభై ఎనిమిదో సంవత్సరంలో నాగదుర్గ దగ్గర టైపు నేర్చుకునేవాళ్లు కరువయ్యారు. కంప్యూటర్లు వచ్చాయి. మిషన్ల మీద గుడ్డలు కప్పే ఉంటున్నాయి. ఇన్‌స్టిట్యూటు ఇక మూసేయాలి. సరిగ్గా అప్పుడే లారీలకూ ఆటోలకూ బ్రేకులు చూసే శిబిరాలు పెడితే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందన్నారు. గ్రాంటు వస్తే శిబిరం ఆఫీసు ఇన్‌స్టిట్యూటు ఉన్న మేడ మీదే, పని ఆమెదే. దరఖాస్తు శుక్రవారం సాయంత్రం ఐదులోగా కాకినాడలో అందాలి. అందులో ఇద్దరు కన్సల్టెంట్ల పేర్లు ఉండాలి. బండ్ల తనిఖీలో ఇద్దరికీ ఐదేళ్ల అనుభవం చూపించాలి.

మొదటి గడిలో దేవసహాయం గారి సర్వీసు రెండు పేజీలు పట్టింది. రెండో గడి దగ్గర టైపు చేస్తున్న వేళ్లు ఆగిపోయాయి.

"రెండోవారి పేరు చెప్పండి ఇన్‌స్పెక్టరు గారూ."

"ఖాళీ ఉంచు. పెన్నుతో రాస్తాను."

"ఎవరండీ వారు?"

"ఉన్నార్లే."

ఆ 'ఉన్నార్లే' ఆమెకు నాలుగు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. అలాంటి మనిషి కోనసీమలో ఇంకొకరు ఉంటే ఈపాటికి ఏదో ఒక బండి కింద కనిపించాలి కదా.

శుక్రవారం తొమ్మిదింటికి ఇద్దరూ బస్సు దగ్గరికి వెళ్లారు. దేవసహాయం గారి భుజాన ఓ బరువు సంచి వేలాడుతోంది. తువ్వాలు పరిచారు. జనం అరిచారు. కండక్టరు వంగి కిందికి చూసి దండం పెట్టాడు. "లేవండి బాబూ, టైమైపోయింది."

"ఆగని బండికి టైమెందుకయ్యా?"

ఆ బస్సు వెళ్లిపోయింది. రెండోది కూడా వెళ్లిపోయింది. మూడోది ఆయనకు నచ్చింది. ఎదుర్లంక రేవుకు చేరేసరికి ఒంటిగంట దాటింది. గోదావరి మీద జనాన్ని దాటించే పంటు సిద్ధంగా ఉంది. ఆయన దాని చుట్టూ చూశారు.

"దీనికి బ్రేకులేవీ?"

"గోదారికే లేవండి, ఆయ్. దీనికెక్కణ్ణించి వస్తాయి?" అన్నాడు పంటు నడిపే మోషే.

దేవసహాయం గారు భుజం మీది తువ్వాలు తీయబోయి ఆగారు. నాగదుర్గ వైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

"ఐదింటికి ఆఫీసు మూసేస్తారంటానండి!"

నది మధ్యలో ఆయన దరఖాస్తు తీసి, అరచేయి అడ్డం పెట్టుకుని రెండో గడిలో ఏదో రాశారు. నాగదుర్గ మెడ చాచింది. ఆయన మూసేశారు. యానాంలో మళ్లీ ఒక బస్సు పోయింది. కాకినాడలో ఎక్కిన ఆటో ఆయన పరీక్షకు నిలవలేదు. చివరి మైలు నడిచారు. నడిచారన్నది ఆయన సంగతి. ఆమె పరుగెత్తింది.

ఐదుకు పది నిమిషాలుంది. ఆఫీసరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు పెన్ను జేబులో పెట్టుకోబోతూ ఆగారు. రెండు పేజీలు తిప్పి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఈ నాగదుర్గ గారెవరండీ?"

ఆమె బల్ల మీదికి వంగి చూసింది. రెండో గడిలో ఉన్నది తన పేరే.

ఆఫీసరు చదివారు. "ఆరేళ్ల అనుభవం. తనిఖీ చేసిన బండ్లు రెండువేల నూట పద్ధెనిమిది. ఏరీ, ఎక్కడున్నారు?"

"ఇన్‌స్పెక్టరు గారూ," ఆమె ఆయన వైపు తిరిగింది, "అబద్ధం రాసేరా?"

దేవసహాయం గారు పొద్దుటినుంచి మోస్తున్న సంచి బల్లమీద బోర్లించారు. అందులో పనిముట్లున్నాయని ఇంతసేపూ అనుకుంది ఆమె. బయటపడ్డవి పదకొండు నోటుపుస్తకాలు. పేజీకో బండి. ప్రతి పేజీలో ఆమె రాత, ఆమె చెప్పిన లోపం, ఆమె సంతకం, దాని పక్కన డ్రైవరుది.

ఆఫీసరు నమ్మలేదు. "మీరు చెప్పింది ఈవిడ రాసి ఉంటుంది."

"నా మాటెక్కడైనా ఉందేమో చూడండి. నేను అడిగేనంతే."

ఆఫీసరు పేజీలు తిప్పసాగారు. గడియారం ముల్లు నాగదుర్గ గొంతు మీదే నడుస్తున్నట్టుంది. ఐదుకు రెండు నిమిషాలుందనగా ఆయన వేలు ఒకచోట ఆగింది.

"ఇదిగో. 'బాగానే ఉంది, దేవసహాయం' అని ఉందే?"

"ఆయ్. ముత్యాలరాజు లారీ. అమ్మాయి బాలేదంది. నేను బాగుందన్నాను. విప్పి చూస్తే లైనరు రెండు ముక్కలు." ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. "ఆ పేజీ చింపేద్దామనుకున్నానండి. చింపితే లెక్క తప్పుతుంది."

ఆఫీసరు నవ్వాపుకున్నారు. ముద్ర తీసుకుని దరఖాస్తు మీద గట్టిగా గుద్దారు.

బయట మెట్ల మీద నాగదుర్గ కూలబడింది. "ఒక్క ముక్క ముందే చెబితే ఏం పోయేదండీ? పొద్దుటినుంచీ ప్రాణం అరచేతిలో పెట్టుకున్నాను."

"ఆరేళ్ల కిందటే ఇది నీ సర్వీసు కోసమని చెబితే నా మొహం చూసి జవాబులు చెప్పేదానివి. అప్పుడా పుస్తకాలన్నీ నావే అయ్యేవి."

"ఇంతా చేసి గ్రాంటు రాకపోతేనండి?"

"రాకపోతే ఇంకోచోట చూపిస్తావు. ఎక్కడ చూపించినా నీ సంతకమే కదా."

పదకొండు పుస్తకాలూ మళ్లీ సంచిలో సర్ది, ఆ సంచి ఆమె ఒళ్లో పెట్టేశారు. ఆమె కొంచెం ముందుకు ఒరిగింది.

"ఇంత బరువేంటండీ బాబూ!"

"ఇప్పటిదాకా నేను మోసేను కదా," అని దేవసహాయం గారు భుజం నిమురుకుంటూ మెట్లు దిగారు. "ఎవరి సర్వీసు వాళ్లే మోసుకోవాలమ్మా."